ఎల్లిపాయ వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు

చెల్లెమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మిర్యాలగూడలో బియ్యం దుకాణం వెనక పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నారు, మధ్యన గోడ ఒక్కటే. మూడు రాత్రులుగా ఎల్లిపాయ కుళ్ళినట్టు వాసన. ఇద్దరు పిల్లలకూ తలనొప్పి, వాంతులు. డాక్టరు తిన్నది పడలేదని మందులు రాశారు. దుకాణాయన్ని అడిగితే ‘బస్తాలకు గోలీలు పెట్టినం, వాసన పోతే అయిపోయినట్టే’ అన్నాడు. నిన్నటి నుంచి వాసన తగ్గింది, ఇక భయం లేదు కదా అని మీ ప్రశ్న.

భయం ఉంది. మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ముందు పిల్లల్ని తీసుకుని ఆ ఇంట్లోంచి బయటికి రండి. ఈ రాత్రి అక్కడ పడుకోవద్దు. వచ్చేటప్పుడు కిటికీలు, తలుపులు తెరిచి పెట్టండి, అంతే. సామాను సర్దుతూ లోపల ఉండిపోవద్దు. నేల తుడవొద్దు. దుకాణాయన గోలీల మీద నీళ్ళు పోస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపండి. పిల్లల్ని ఈ రోజే మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి, ‘పక్క దుకాణంలో అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు పెట్టారు, ఆ గ్యాస్ పీల్చారు’ అని ఈ మాటలతోనే చెప్పండి. గోలీల డబ్బా మీది లేబుల్‌ను దుకాణాయన చేతనే ఫోటో తీయించుకుని దగ్గర పెట్టుకోండి. పిల్లల్లో ఎవరికైనా ఆయాసం, ఛాతీ బిగపట్టినట్టు ఉండటం, మగతగా ఉండటం, చేతులు చల్లబడటం కనిపిస్తే ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు వివరంగా చెప్తాను. నేను ఇరవై రెండేళ్ళు గోదాముల్లో బస్తాలకు మందు పెట్టే పని చూశాను. మొదట మిర్యాలగూడ, హాలియా వైపు రైస్ మిల్లులు, తర్వాత జడ్చర్లలో మక్కలు, పల్లీల గోదాములు. ముక్క పురుగు, నుసి పురుగు పట్టిన సరుకుకు ఈ గోలీలే మందు. గోలీ తనంతట తాను పురుగును చంపదు. గాల్లోని తేమ తగలగానే అది పొడిగా విచ్చుకుంటూ ఫాస్ఫీన్ అనే గ్యాస్‌ను వదులుతుంది, చంపేది ఆ గ్యాస్. బస్తా మధ్యలో గింజ లోపల ఉన్న పురుగు దాకా వెళ్ళగలిగే గ్యాస్‌కు ఒక వరస ఇటుక గోడ ఏం అడ్డు? పగుళ్ళు, కరెంటు పైపులు పోయిన కంతలు, రేకుల కింద సందులు, ఏదైనా దానికి దారే.

దుకాణాయన ‘వాసన పోతే అయిపోయినట్టే’ అన్నాడు కదా, ఆ మాట నేను కూడా ఒకప్పుడు నమ్మాను. పనిలో చేరిన రెండో ఏడు, వానాకాలం. ఏడు రోజులు కప్పి ఉంచిన బియ్యం స్టాక్ మీది షీటు తీశాం. తీసినప్పుడు ముక్కు పగిలే వాసన. రెండు గంటలు తలుపులు తెరిచి పెట్టాక వాసన లేదు. లోపలికి వెళ్ళి బస్తాల లెక్క రాస్తూ గంటసేపు కూర్చున్నాను. సాయంత్రానికి తల బద్దలైనట్టు నొప్పి, రెండు వాంతులు, విరేచనాలు. బస్టాండు దగ్గర తిన్న మిర్చి బజ్జీని తిట్టుకుని పడుకున్నాను. మర్నాడు మా సీనియర్ ఒకాయన గ్యాస్ కొలిచే గాజు గొట్టం పంపుతో అదే మూల గాలి లాగి చూపించాడు. గొట్టంలో రంగు నాలుగు పీపీఎం దాకా పాకింది, అంటే పది లక్షల పాళ్ళ గాలిలో నాలుగు పాళ్ళు గ్యాస్. నా ముక్కుకు మాత్రం బియ్యం వాసన తప్ప ఏమీ తెలియలేదు. పాపం, బజ్జీల ఆమెది ఏ తప్పూ లేదు.

ఎందుకిలా అవుతుందంటే, శుద్ధమైన ఫాస్ఫీన్‌కు వాసన లేదు. మనకు తెలిసే ఎల్లిపాయ వాసన, కుళ్ళిన చేపల వాసన దానితో పాటు పుట్టే కల్తీలది, ముఖ్యంగా డైఫాస్ఫీన్ లాంటి వాటిది. ఈ కల్తీలను ధాన్యం, గోనె సంచులు తొందరగా పీల్చేసుకుంటాయి. వాసన పోతుంది, గ్యాస్ ఉంటుంది. కొన్ని గోలీల్లో నిప్పు అంటుకోకుండా అమ్మోనియం కార్బమేట్ కలుపుతారు, దాంతో మొదట్లో అమ్మోనియా ఘాటు కూడా వస్తుంది. అది ముందే వచ్చి ముందే పోతుంది.

పనిచేసే మనిషి రోజుకు ఎనిమిది గంటల సగటున పీల్చగల హద్దుగా అమెరికా నిబంధన 0.3 పీపీఎం పెట్టింది. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ తర్వాత తన సిఫారసును 0.05కు దించింది. 50 పీపీఎం అంటే వెంటనే ప్రాణాపాయం అని లెక్క. ఇక ముక్కు సంగతి చూడండి: ఒకరికి 0.02 దగ్గరే వాసన తెలుస్తుంది, ఇంకొకరికి 3 పీపీఎం దాకా తెలియదు. అంటే వాసన వస్తే గ్యాస్ హద్దులోపల ఉండొచ్చు, హద్దుకు పదిరెట్లు దాటి ఉండొచ్చు. వాసన రాకపోతే అసలేమీ చెప్పలేం. వాసన వస్తే పారిపోవడానికి ముక్కు పనికొస్తుంది, తిరిగి లోపలికి వెళ్ళడానికి పనికిరాదు.

ఇంకో లెక్క చెప్తాను, మీ దుకాణాయనకు కూడా వినిపించండి. మూడు గ్రాముల గోలీ ఒకటి పూర్తిగా విచ్చుకుంటే ఒక గ్రాము ఫాస్ఫీన్ వస్తుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. ఆ గది బిగుతుగా మూసి ఉంటే ఒక్క గోలీతో దాదాపు 25 పీపీఎం అవుతుంది. అంటే 0.3 హద్దుకు ఎనభై రెట్లు. అసలు గదుల్లో కొంత గ్యాస్ సందుల్లోంచి పోతుంది, నిజమే. కానీ ఆ సందుల అవతల మీ పిల్లలు పడుకుని ఉన్నారు.

మహబూబ్‌నగర్ వైపు జొన్న పాతరలు తెరిచేటప్పుడు పెద్దవాళ్ళు దీపం దించి చూసేవాళ్ళు. దీపం ఆరితే మనిషిని దించరు. మా నాన్న కూడా అలాగే చేసేవాడు, అది మంచి పద్ధతే. లోపల ప్రాణవాయువు తక్కువైందా, బొగ్గుపులుసు వాయువు నిండిందా అన్నది దీపం చెప్తుంది. ఫాస్ఫీన్ విషయంలో దీపం అబద్ధం చెప్తుంది. 50 పీపీఎంలో ప్రాణవాయువు ఏమీ తగ్గదు, దీపం నిశ్చింతగా వెలుగుతుంది. పల్లెల్లో ఇప్పటికీ మందు పెట్టిన గదిలో అగ్గిపుల్ల గీసి ‘మంచిగనే మండుతుంది’ అనేవాళ్ళను చూశాను. నిప్పు అసలే వద్దు. ఈ గ్యాస్ 1.8 శాతం దాటితే అదే అంటుకుంటుంది.

ఇంట్లో పెట్టుకునే వంటగ్యాస్ అలారం గురించి కూడా చాలామంది అడుగుతారు. అది మంట పుట్టే స్థాయిలో పదో వంతో, ఐదో వంతో వచ్చాక మోగేలా తయారైంది. ఫాస్ఫీన్‌కు మంట పుట్టే స్థాయి 18,000 పీపీఎం. దానిలో పదో వంతు అంటే 1,800. ఆ అలారం మోగే నాటికి వినడానికి ఎవరూ ఉండరు. పొగ అలారమూ ఇందుకు పనికిరాదు.

మరి దేంతో కొలవాలి? ఒకటి, నేను పైన చెప్పిన గాజు గొట్టం. చేతి పంపుకు తగిలించి, లెక్క ప్రకారం గాలి లాగితే లోపలి మందు రంగు మారుతుంది, గీతల మీద ఎంతదాకా మారితే అంత పీపీఎం. ఒక్కో గొట్టం ఒక్కసారికే. గడువు తేదీ దాటినవి వాడొద్దు. గోదాముల్లో బీరువా అడుగున ఏళ్ళ తరబడి పడి ఉన్న గొట్టాలతో కొలిచి ‘సున్నా’ అని రిజిస్టర్‌లో రాసిన వాళ్ళు నాకు తెలుసు. రెండోది జేబుకు తగిలించుకునే డిజిటల్ మీటరు. అందులో ఫాస్ఫీన్ కోసమే పెట్టిన సెన్సార్ ఉండాలి. నాలుగు గ్యాసుల మీటరని అమ్మే వాటిలో సాధారణంగా ప్రాణవాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే గ్యాసులు ఉంటాయి, ఫాస్ఫీన్ ఉండదు. సెన్సార్‌కు ఆయుష్షు ఉంటుంది, మధ్యమధ్యలో తెలిసిన గ్యాస్‌తో సరిచూడాలి. డ్రైనేజీ పక్కన పెడితే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు కూడా అంకె చూపించొచ్చు, కాబట్టి ఎక్కడ కొలిచారో రాసుకోవాలి.

మూడోది పాత పద్ధతి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో తడిపిన కాగితం. ఫాస్ఫీన్ తగిలితే నల్లబడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలినా నల్లబడుతుంది, ఎండ తగిలినా నల్లబడుతుంది. అందుకే పక్కన లెడ్ అసిటేట్ కాగితం కూడా పెట్టేవాళ్ళు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే అదీ నల్లబడుతుంది. అది తెల్లగానే ఉండి ఇది నల్లబడితే ఫాస్ఫీన్ అని అనుమానం గట్టిపడుతుంది. ఎంత ఉందో మాత్రం చెప్పదు. కాలేజీ ప్రయోగశాలకు సరిపోతుంది, మీ పిల్లల పడకగదికి దాని మీద ఆధారపడొద్దు.

రాగి మీద ఈ గ్యాస్ ప్రభావం వేరే సంగతి. జడ్చర్ల గోదాములో ఏటా ఎలక్ట్రానిక్ కాంటా చెడిపోయేది. విప్పితే లోపలి రాగి అంతా నల్లగా పాకుడు పట్టినట్టు ఉండేది. మెకానిక్ ఎలుకల మూత్రం అనేవాడు. మందు పెట్టే ముందు కాంటా బయటికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. మీ పోర్షన్‌లో స్విచ్ బోర్డుల రాగి తీగలు నల్లబడి ఉంటే ఇది మొదటిసారి కాదని అర్థం చేసుకోవచ్చు.

మీటరు మీ దగ్గర ఉండదు, కొనక్కర్లేదు. గిడ్డంగుల సంస్థ గోదాముల వాళ్ళ దగ్గర, లైసెన్స్ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళ దగ్గర దొరుకుతుంది. మండల వ్యవసాయ అధికారికి పురుగుమందుల తనిఖీ అధికారం ఉంటుంది, ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వండి. కొలిచేటప్పుడు గది నడుమ ఒక్కచోట చూసి వెళ్ళిపోనివ్వొద్దు. ఫాస్ఫీన్ గాలి కంటే కాస్త బరువు, అలాగని నేలకే అంటుకుని ఉండదు. మధ్య గోడ అడుగున, పైపుల కంతల దగ్గర, పిల్లల మంచం ఎత్తులో, అటక మీద, అన్నిచోట్లా చూడాలి. కిటికీలన్నీ తెరిచి ఉన్నప్పుడు వచ్చిన సున్నాకు విలువ లేదు. పోర్షన్ తలుపులు కొన్ని గంటలు మూసి, మనుషులంతా బయట ఉండి, తర్వాత మీటరు తెలిసినవాడు వెళ్ళి చూసినదే లెక్క.

ఆరోగ్యం సంగతికి వస్తాను. మనం పీల్చిన ప్రాణవాయువును కణాలు వాడుకునే చివరి మెట్టు దగ్గర ఫాస్ఫీన్ అడ్డుపడుతుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగానే ఉంటుంది, కణం దాన్ని వాడుకోలేదు. అందుకే వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98 చూపించినా ధైర్యపడొద్దు. ఎక్కువ శక్తి వాడే అవయవాలకు దెబ్బ ముందు తగులుతుంది: గుండె, ఊపిరితిత్తులు, మెదడు, తర్వాత కాలేయం, మూత్రపిండాలు. కొద్దిగా పీలిస్తే తలనొప్పి, తల తిరగడం, వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు, దగ్గు, నీరసం. చూశారుగా, ఇవన్నీ తిండి పడకపోతే వచ్చేవే. మీ డాక్టరును తప్పుపట్టలేం, గోలీల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. తేడా పట్టుకునే గుర్తు ఒకటుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి, రాత్రి తర్వాత ఎక్కువ, బడికో బంధువుల ఇంటికో వెళ్తే తక్కువ అవుతుంటే తిండిని కాదు, గాలిని అనుమానించాలి.

ఎక్కువ పీలిస్తే రక్తపోటు పడిపోవడం, గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, ఫిట్స్. ఈ నీరు చేరడం వెంటనే కాకుండా రెండు మూడు రోజులు ఆలస్యంగా కూడా రావచ్చు. అందుకే ఇప్పుడు పిల్లలు ఆడుకుంటున్నారని వదిలేయకుండా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండమని అడగండి. ఈసీజీ తీయాలి, రక్తపోటు చూస్తూ ఉండాలి. పిల్లలకు ప్రమాదం మనకంటే ఎక్కువ, ఒంటి బరువుతో పోలిస్తే వాళ్ళు పీల్చే గాలి ఎక్కువ.

దీనికి విరుగుడు మందు లేదు. ఇక్కడ మన ప్రాంతంలో ఒక తికమక జరుగుతుంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ‘పురుగుల మందు’ అని చెప్తే చాలామందికి పత్తి చేలో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు గుర్తొస్తాయి. వాటికి అట్రోపిన్, పామ్ ఇస్తారు. ఫాస్ఫేట్, ఫాస్ఫైడ్, పేరు దగ్గరగా ఉన్నా దెబ్బ వేరు. ఫాస్ఫైడ్‌కు ఆ ఇంజెక్షన్లు విరుగుడు కావు. రక్తపోటు నిలబెట్టడం, శ్వాస, గుండె చూసుకోవడమే వైద్యం. అందుకే లేబుల్ ఫోటో అడిగాను. పీల్చి పడిపోయిన మనిషిని బయటి గాలికి తెచ్చి, పై బట్టలు తీసేయాలి. నోటితో నోట్లోకి గాలి ఊదొద్దు, ఊదేవాడికీ అంటుతుంది. గోలీలు ఉన్న గదిలోకి మాస్కు కట్టుకుని ఎవరూ వెళ్ళొద్దు. రుమాలు, ఎన్-95 గ్యాస్‌ను ఆపవు. దీనికని తయారైన డబ్బా మాస్కు కూడా 15 పీపీఎం దాకానే. అంతకు మించితే, లేదా ఎంత ఉందో తెలియకపోతే, సొంత గాలి సిలిండరు ఉన్న ఫైర్ సిబ్బందే వెళ్ళాలి.

నీళ్ళు వద్దని అన్నాను కదా. 2017 జనవరిలో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం అమరిల్లో ఊరిలో ఒక ఇంటి కింద ఎలుకల కోసం ఈ మందే పెట్టారు. వాసన వస్తోందని ఇంటాయన పైపుతో నీళ్ళు కొట్టాడు. రోజులు పట్టి మెల్లగా రావాల్సిన గ్యాస్ ఒక్కసారిగా లేచింది. నలుగురు పిల్లలు చనిపోయారు. మన దగ్గర వాన కూడా అదే పని చేస్తుంది. ఎండాకాలం పొడిగాలికి గోలీలు సగం విచ్చుకుని ఆగిపోతాయి, జూన్‌లో రేకుల కంతలోంచి చినుకులు పడగానే మిగిలిన సగం లేస్తుంది. బూడిదలా కనిపించే పొడిలో కూడా విచ్చుకోని మందు కొంత ఉంటుంది. దాన్ని చెత్తబుట్టలో వేయొద్దు, సంచిలో మూట కట్టొద్దు. తెలిసినవాళ్ళు ఆరుబయట, సబ్బుపొడి కలిపిన నీళ్ళ బకెట్‌లోకి కొంచెం కొంచెంగా పొడి వేసి, మూత పెట్టకుండా చల్లారుస్తారు. పొడి మీద నీళ్ళు పోయరు. ఇది మీ పని కాదు, దుకాణాయన పని కూడా కాదు.

అసలు ఆయన ఈ గోలీలు పెట్టడమే తప్పు. మన దేశంలో అల్యూమినియం ఫాస్ఫైడ్ వాడకం ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పెస్ట్ కంట్రోల్ వాళ్ళకే పరిమితం. పది, ఇరవై గోలీల చిన్న ట్యూబులను నిషేధించారు కూడా. అయినా దొరుకుతున్నాయని నాకు తెలుసు, మీకూ తెలుసు. మనుషులు ఉండే ఇంటికి ఆనుకున్న గదిలో లైసెన్స్ ఉన్నవాడు కూడా పెట్టడు. షీటు కప్పకుండా బస్తాల నడుమ గోలీలు దోపితే గ్యాస్ కారిపోతుంది, పురుగు చావదు, మిగిలిన పురుగు మందుకు అలవాటు పడుతుంది. ఆయనకు నష్టం, మీకు ప్రాణభయం. దుకాణం చిన్నదైతే సరుకు బాగా ఎండబెట్టి, గాలి చొరని సంచుల్లో బిగించమనండి. గాలి లేక పురుగే చస్తుంది. గాలికి బాగా ఆరిన బియ్యం తినడానికి భయం లేదు, అది వేరే విషయం.

ఆయనతో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆయన్ని మూడు మాటలు అడిగి రాసుకోండి: ఎన్ని గోలీలు, ఏ రోజు, ఎక్కడెక్కడ పెట్టాడు. ఆ కాగితం డాక్టరుకూ కావాలి, కొలవడానికి వచ్చేవాళ్ళకూ కావాలి. పిల్లలు ఎలా ఉన్నారో, మీటరులో అంకె ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. ఏ మూల, ఏ టైముకు కొలిచారో కూడా రాస్తే తిరిగి ఎప్పుడు వెళ్ళొచ్చో చెప్తాను.